ఆముదం కలిపిన సిరా

ఆ రోజు కూడా గంట కొట్టాకే వచ్చాడు మొండి. గుమ్మంలో నిలబడి, రొప్పుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"గంట కొట్టాక గానీ రావా నువ్వు?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"గంట కొట్టాక గానీ కుదరదు సార్."

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు బెంచీ ఎక్కమన్నారు. సింహాసనం ఎక్కినట్టు ఎక్కాడు వాడు.

అప్పట్లో ఆ హైస్కూల్లో గదులు తక్కువ, పిల్లలు ఎక్కువ. పదో తరగతిలో సగం మందికి పొద్దున బడి, సగం మందికి మధ్యాహ్నం బడి. గది ఒకటే, బెంచీలు అవే. పన్నెండున్నరకు ఒకటే గంట. ఆ గంటకు వాళ్ళు బయటికి, వీళ్ళు లోపలికి. ఎవరి ఇల్లేదో, ఎవరి వాళ్ళెవరో ఒకరివి ఒకరికి పట్టవు. పట్టేదల్లా పగ ఒక్కటే.

పొద్దుటి వాళ్ళు పోతూ పోతూ నల్లబల్ల మీద రాసేవాళ్ళు: "మిగిలిపోయిన సరుకు వస్తోంది, దారి వదలండి." మధ్యాహ్నం వాళ్ళు సాయంత్రం పోతూ దాని కిందే రాసేవాళ్ళు: "రేపైనా మొహం కడుక్కుని రండి."

అసలు లెక్క తేలేది మాత్రం తాడు దగ్గర. ఏటా తాడు లాగే పోటీ. గెలిచిన జట్టు ఫోటో హెడ్మాస్టరు గదిలో గోడకెక్కుతుంది. అయిదేళ్ళుగా ఆ గోడ మీద మధ్యాహ్నం మొహం ఒక్కటీ లేదు.

ఈ ఏడు మధ్యాహ్నం వాళ్ళ ఆశంతా మొండి మీదే. తాడు కొస నడుముకి చుట్టుకుని నిలబడేది వాడు. అవతలి కొసన పొద్దుటి వాళ్ళ బండోడు. పదో తరగతి ఒకసారి తప్పి మళ్ళీ చదువుతున్నాడు. గోడకి కాళ్ళొచ్చినట్టుంటాడు.

"బండోణ్ణి ముందే దెబ్బ తియ్యాలి," అన్నాడు కళ్ళజోడు. మధ్యాహ్నం క్లాసులో ఎత్తులన్నీ వాడివే. "వాడు చేరబడే చోట సిరా పూద్దాం. ఆముదం కలిపితే తెల్లారినా ఆరదు."

"వద్దురా," అన్నాడు మొండి. "దొంగదెబ్బ దేనికి? తాడు దగ్గరే తేల్చుకుందాం."

"ఏం, భయమా?"

"భయం నీ మొహానికి. వద్దంటే వద్దంతే."

వాడి మాట ఎవరూ చెవిన పెట్టలేదు. పూసేశారు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు పిలిస్తే మొండి లేచి నల్లబల్ల దగ్గరికి నడిచాడు. వాడి వీపు మీద అరచేయంత నీలిమరక.

"చూశార్రా!" కళ్ళజోడు పళ్ళు నూరాడు. "మన సిరా తీసి మనకే పూశారు!"

డ్రిల్లు మాస్టారు బెత్తం అందుకున్నారు. "ఎవడ్రా పూసింది?"

కళ్ళజోడు వైపు ఒక్క చూపు చూశాడు మొండి. "చెప్పను సార్."

"జట్టులోంచి పేరు కొట్టేస్తాను."

"కొట్టేసినా చెప్పను."

పేరు కొట్టెయ్యలేదు గానీ అరచేతులు వాచేలా కొట్టారు. మొండి కంట్లో చుక్క రాలలేదు. చివరికి మాస్టారే అలిసిపోయి, "మరకదైనా సరే, పోటీ రోజు ఒంటి మీద చొక్కా ఉండాలి. చొక్కా లేనివాడు తాడు ముట్టకూడదు, ఆఁ!" అన్నారు.

పోటీ పన్నెండింటికి. పొద్దుటి వాళ్ళని క్లాసులోంచి తిన్నగా మైదానంలోకి వదిలారు. బండోడి వీపు మీద ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలిమరక.

"మన సిరారోయ్!" మధ్యాహ్నం వాళ్ళు ఈలలేశారు.

అంతలో మొండి వచ్చాడు. ఈలలు ఆగిపోయాయి. ఒంటి మీద చిల్లుల బనీను తప్ప ఏమీ లేదు.

"చొక్కా ఏదిరా?" అన్నారు మాస్టారు.

"ఉంది సార్."

"ఉంటే తొడుక్కోవేం?"

"ఇంకా టైము కాలేదు సార్."

మాస్టారికి ఒళ్ళు మండింది. కళ్ళజోడు గబగబా తన చొక్కా విప్పబోయాడు. "ఆగరా, నీది నా మోచేతి దగ్గరే ఆగిపోతుంది," అని మొండి తాడు ఎత్తి నడుముకి చుట్టుకున్నాడు.

"లాగేది చేతులు సార్, చొక్కా కాదు. నన్ను ఆపాలంటే తాడు కోసెయ్యండి."

మాస్టారి బెత్తం గాలిలోకి లేచింది. అవతలి కొస నుంచి బండోడు పెద్దగా నవ్వాడు.

"లాగనివ్వండి సార్! బనీనుతో బోర్లా పడితే చూడ్డానికి ఇంకా బాగుంటుంది!"

"పడేదెవరో చూసుకోరా, లావు బస్తా!"

"చూస్తాలేరా, చిల్లుల బనీను!"

రెండు వైపులా నవ్వులు. మాస్టారు విసుక్కుని ఈల ఊదారు.

తాడు కర్రలా బిగిసింది. మొండి మడమలు నేలలో దిగిపోయాయి. బెత్తం దెబ్బలు తిన్న అరచేతులు చిట్లి తాడు ఎర్రబడింది. వాడు వదల్లేదు. ఒక్క అడుగు వెనక్కి. ఇంకో అడుగు. ఉన్నట్టుండి బండోడి కాలు జారింది. అంత మనిషీ దుమ్ములో బోర్లా పడి, తాడుతో పాటే గీత దాకా జారుకుంటూ వచ్చాడు.

మధ్యాహ్నం వాళ్ళ కేకలకి హెడ్మాస్టరు గది కిటికీ తెరుచుకుంది. కళ్ళజోడు ఏడుస్తూ గంతులేశాడు. మొండిని భుజాల మీదికి ఎత్తబోయారు.

అప్పుడే పన్నెండున్నర గంట మోగింది.

మొండి అందరినీ విదిలించుకుని, గీత దాటి, బండోడి దగ్గరికి విసవిసా నడిచాడు. ఇక తన్నులాటే అనుకుని అందరూ చుట్టూ మూగారు.

"ఓడితే ఓడావు గానీ, లేచి ఆ చొక్కా విప్పరా అన్నయ్యా, గంట కొట్టేశారు, ఇప్పుడది నా వంతు!"