బొత్తాం మొక్క

"నిన్న సాయంత్రం మొగ్గ ఉందత్తయ్యా! ఇక్కడే, ఈ కొమ్మ చివర."

"ఏ పిట్టో తుంచేసి ఉంటుందిలే. రా, చొక్కాలు గుట్టలుగా పడి ఉన్నాయి," అంది అత్తయ్య, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

బొత్తాం అని పిలిచే ఆ అమ్మాయి బాల్కనీలో కుండీ ముందు కూలబడింది. పిట్ట కొరికితే ఇంత నున్నగా తెగుతుందా? ఇది కత్తెర పని. ఇంట్లో ఉన్నది ఇద్దరే, తను కొయ్యలేదు.

నాన్న పోయాక మేనత్త పంచన చేరింది. అత్తయ్య బడిపిల్లల యూనిఫాంలు కుడితే తను కాజాలు తీసి గుండీలు వేస్తుంది. బొత్తాం అన్న పేరు అలా అంటుకుంది. గదినిండా గుడ్డలు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మొదట్లో అదీ చూడకుండా, అన్నం మానేసి మంచం పట్టి ఉండేది.

అలాంటి రోజుల్లో పనివాళ్ళ కోట్లు కుట్టించుకోవడానికి కొండ నర్సరీ పెద్దాయన వచ్చి, బొత్తాం చేతిలో చిటికెడు గింజలు పోశాడు.

"నాప్‌వీడ్ అంటారమ్మా. కొండవాలు మీద దానంతటదే ఊదారంగు పూలు పూస్తుంది. కుండీలో పెట్టామా, మావాళ్ళు ముద్దుచేసి చంపేస్తున్నారు. నువ్వు పూయించి పట్టుకురా, ఉద్యోగమూ ఉండటానికి గదీ నీవే."

"ఎలా పెంచాలండీ?"

"ఎరువు పెట్టకు. నీళ్ళు పిసినారిలా పొయ్యి. ఇసుక కలిపిన చవక మట్టి, లోతైన కుండీ, రోజంతా ఎండ. వేరు నిలువునా దిగుతుంది, నాటాక కదిలించకు. మొదటి ఏడాది ఆకులే వస్తాయి, కంగారుపడకు. పువ్వు లేకుండా మాత్రం నా గేటు తొక్కకు సుమా!" అని నవ్వాడు.

మర్నాటినుంచి బొత్తాం తెల్లారకముందే లేవసాగింది.

ఆ ఏడాది ఆకులే వచ్చాయి. గడప దాటని అత్తయ్య ఒక్కసారి మాత్రం దారాలు కొనాలంటూ బస్సెక్కి, పొద్దుపోయాక తిరిగొచ్చింది. చేతులు ఖాళీ, చెప్పులనిండా ఎర్రమట్టి.

"దారాలేవీ?"

"మూసేశారే," అని ముసుగు తన్ని పడుకుంది. ఆ మర్నాటినుంచి రోజూ అదే పలకరింపు. "లేచావా? మొక్క చూశావా?" బొత్తానికి అది వెక్కిరింపులా తోచేది.

ఇప్పుడు రెండో ఏడు. మొగ్గ తొడగడం, మాయమవడం.

ఒక ఉదయం బొత్తాం తలుపు చాటున కాపు కాసింది. దారాలు తెంపే చిన్న కత్తెరతో అత్తయ్య రానే వచ్చింది.

"నా మీద ఎందుకత్తయ్యా ఇంత పగ? కాజాలు తీసే మనిషి దొరకదనా?"

అత్తయ్య చెయ్యి ఆగింది. "అవును, దొరకదు. ఇంకో ఏడాది ఆగు."

"నన్ను ఈ గదికే కుట్టేద్దామనుకున్నావా!"

"పూస్తే వెళ్తావు. వెళ్ళాక?"

"వెళ్ళాక బతుకుతాను!"

అత్తయ్య లోపలికి నడిచింది. కన్నతండ్రి తోబుట్టువు ఇలా గొంతు కోస్తుందని బొత్తాం కలలో కూడా అనుకోలేదు.

కోసిన కొద్దీ మొక్క గుబురుగా కొమ్మలు వేసింది. బాల్కనీ ఊచల అవతలికి వంగిన ఒక మొగ్గ అత్తయ్య కంట పడలేదు. దానిమీద తడి చొక్కా ఆరేసి కాపాడుకుంది బొత్తాం. ఒక పొద్దున అది ఊదారంగు కుచ్చులా విచ్చుకుంది.

కుండీ చంకనెత్తుకుని, బట్టల సంచీతో గుమ్మం దాటుతుంటే అత్తయ్య అడ్డుపడలేదు. పువ్వుకేసి చూసి, "తిరుగు బస్సు ఎప్పుడో కనుక్కో," అంది. వెళ్ళే ముందు ఈ శాపనార్థం ఒకటా అనుకుంది బొత్తాం.

బస్సు దిగి కొండదారి పట్టేసరికి ప్రాణం లేచొచ్చింది. వాలంతా నాప్‌వీడ్ విరగబూసి ఉంది. చెప్పులకు ఎర్రమట్టి అంటుకుంటున్నా పట్టించుకోకుండా, దాదాపు పరుగులాంటి నడకతో గేటు చేరింది.

గేటుకు తుప్పుపట్టిన తాళం. పక్కన మేకలు కాస్తున్న ముసలావిడ.

"ఎవరికోసం తల్లీ?"

"పెద్దాయన కోసం అవ్వా. పువ్వు పూయించి తెమ్మన్నారు."

"ఆయన పోయి ఏడాది దాటింది. నర్సరీ అప్పుడే మూతబడింది."

బొత్తాం కుండీ ఒళ్ళో పెట్టుకుని గేటు ముందే కూలబడింది. ముసలావిడ దగ్గరకొచ్చి పువ్వును చూసింది, సూదిపోట్లు పడిన ఆ వేళ్ళను చూసింది.

"బొత్తాం అంటే నువ్వేనా?"

అవునన్నట్టు తలూపింది.

"'పువ్వు మీద ఆశతోనే మా బొత్తాం మంచం దిగింది' అంటూ పోయినేడు ఈ తాళం చూసే ఏడ్చింది, మీ అత్తయ్య."