ఆకాశరామన్న

"ఆయన చెవులమీంచి హెడ్‌సెట్ తీసెయ్యండి. ఇప్పుడే."

ఫోన్‌లో మెడికల్ బోర్డు డాక్టరు గొంతు. సూపర్‌వైజర్ తలెత్తి చూశాడు.

రాడార్ తెరమీద ఏడు విమానాలున్నాయి. వాటికి దారి చూపిస్తున్నది తనకు పని నేర్పిన గురువుగారు.

"షిఫ్టు అయ్యేదాకా..."

"ఒక్క నిమిషం కూడా వీల్లేదు. డ్యూటీలో ఉండగా ఆయనకి స్పృహ తప్పుతోందని ఉత్తరం వచ్చింది. కింద సంతకం లేదు."

సూపర్‌వైజర్ వెళ్లి గురువుగారి భుజం తట్టాడు. ఆయన ఎందుకని అడగలేదు. ఏడు విమానాలనూ ఒక్కొక్కటిగా అప్పజెప్పి కుర్చీలోంచి లేచారు.

పరీక్షలు చేశారు. మెదడులో ఏదో లోపమట. ఉన్నట్టుండి కొన్ని క్షణాలపాటు మనిషి ఈ లోకంలో ఉండడట. వారం తిరక్కుండా ఆయన మెడికల్ సర్టిఫికెట్ రద్దయింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసున్నా సరే, ఆ కాగితం లేని కంట్రోలర్ ఆ కుర్చీని ముట్టుకోవడానికి వీల్లేదు.

"ఆకాశాన్ని నమ్ముకుని బతికేవాళ్లకి ఆకాశరామన్న ఉత్తరమా!" టీ బల్ల దగ్గర ఒకడు పళ్లు నూరాడు. "ఎవడ్రా వాడు?"

"వాడు కాదు, అది," అన్నాడు పక్కవాడు, గొంతు తగ్గించకుండానే.

అందరి చూపులూ కొత్తమ్మాయి మీదకు తిరిగాయి.

ఆమె వచ్చి నాలుగు నెలలు. ఇంకా శిక్షణలోనే ఉంది. సొంతంగా మైకులో మాట్లాడే అర్హత రాలేదు. గురువుగారి పక్కన రోజంతా కూర్చుని, ఆయన చెప్పేది వింటూ నేర్చుకునేది. ఆయనకు స్పృహ తప్పితే ఇంకెవరికి తెలుస్తుంది?

"రాసింది నువ్వేనా?" సూపర్‌వైజర్ సూటిగా అడిగాడు.

"కాదు సార్."

"పోనీ, ఆయనకి అలా జరగడం ఎప్పుడైనా చూశావా?"

ఆమె తల వంచుకుంది.

ఇక చూడండి. ఆమె వస్తే టీ బల్ల ఖాళీ అయ్యేది. "మెల్లగా తుమ్మండర్రా, బోర్డుకి ఉత్తరం వెళ్తుంది" అని ఒకడంటే మిగతావాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు.

అంతలో ఇన్సూరెన్స్ కంపెనీనుంచి విచారణకు ఒకాయన వచ్చాడు. సర్టిఫికెట్ పోతే, రిటైరయ్యే వయసుదాకా నెలనెలా జీతంలో కొంత భాగం ఇచ్చే పాలసీ గురువుగారికి ఉంది. ఇక ఆ ఇల్లు గడవాలంటే అదొక్కటే దిక్కు.

"పాలసీ తీసుకున్న ఏడాదిలోపు జబ్బు బయటపడితే ఏమీ రాదు," అన్నాడు ఇన్సూరెన్స్ ఆయన. "పదో తేదీతో ఏడాది నిండింది. మొదటిసారి స్పృహ తప్పింది పన్నెండునని ఉత్తరంలో ఉంది. ఆయనే వచ్చి చెప్పుకునుంటే ఎప్పట్నుంచని సవాలక్ష ప్రశ్నలు వేసేవాళ్లం. ఎవరో రాశారు కాబట్టి సరిపోయింది. అంతకుముందెప్పుడైనా ఇలా..."

"ఎప్పుడూ లేదు," సూపర్‌వైజర్ గుండెమీద చెయ్యేసుకుని చెప్పాడు.

ఇన్సూరెన్స్ ఆయన కొత్తమ్మాయివైపు తిరిగాడు.

"పన్నెండునే సార్. నేను చూశాను," అందామె.

గది గదంతా భగ్గుమంది. చూశానని తన నోటితోనే ఒప్పుకుంది! ఇంకేం కావాలి?

క్లెయిము మంజూరైంది. ఆ వారమే సూపర్‌వైజర్ ఆమె శిక్షణ నివేదికలో 'జట్టులో ఇమడలేదు, ఈ పనికి తగదు' అని రాసి సంతకం పెట్టాడు. ఒకసారి తగదని రాస్తే ఈ ఉద్యోగంలో మళ్లీ అవకాశం ఉండదు. ఆమె లాకర్ తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఒక్కరూ తలెత్తలేదు.

నెల తర్వాత ఒక విమాన కెప్టెన్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు.

"మీ దగ్గర ఒకమ్మాయి ఉండాలి. ఎన్నాళ్లనుంచో థాంక్స్ చెబుదామనుకుంటున్నాను. మేం దిగుతున్నాం, ఇంకో విమానం మాకెదురుగా పైకొస్తోంది. మీ పెద్దాయన మాట మధ్యలోనే ఆగిపోయింది. మా రెండింటినీ చెరోవైపు తిప్పింది ఆ అమ్మాయే. గొంతు కూడా వణకలేదండీ!"

"పన్నెండో తేదీనా?"

"కాదు, మూడు. ఆ రోజు మా అబ్బాయి పుట్టినరోజు. ఎలా మర్చిపోతాను?"

సూపర్‌వైజర్ కొత్తమ్మాయి నంబరుకి మూడుసార్లు ప్రయత్నించాడు. వాడుకలో లేదని వచ్చింది.

ఆ సాయంత్రమే గురువుగారింటికి వెళ్లాడు. ఆయన భార్య తలుపు తీసింది.

"రా నాయనా! ఆకాశంలో విమానాలన్నిటినీ కనిపెట్టుకున్న మహానుభావుడికి ఇంట్లో కళ్లజోడు కనపడ్డం లేదు. కాస్త వెతికిపెట్టు."

అతను నవ్వలేదు. నేరుగా గురువుగారి ఎదురుగా వెళ్లి కూర్చున్నాడు.

"మూడో తేదీన ఏం జరిగింది గురువుగారూ?"

ఆయన కిటికీవైపు తిరిగారు.

"పదో తేదీ దాటేదాకా ఎవరికీ చెప్పకమ్మా అన్నాను. చెప్పలేదు. ఆ రోజులన్నీ వారానికొచ్చే ఒక్క సెలవు కూడా తీసుకోకుండా నా పక్కనే కూర్చుందిరా, మైకు బటన్ మీద వేలు పెట్టుకుని."

"మేమంతా ఆమెని వెలేస్తుంటే ఒక్క మాట అనలేకపోయారా?"

"నోరు విప్పితే తేదీ కూడా చెప్పాల్సొస్తుంది."

ఆవిడ టీ కప్పులు తెచ్చి బల్లమీద ఠక్కున పెట్టింది.

"ఇంకా ఆ పిల్ల ఊసెందుకు నాయనా? నిక్షేపంలాంటి ఉద్యోగం ఊడగొట్టింది. ఆ ఉత్తరం రాసిన చేతులు పడిపోను!"

"అది రాసింది ఆ పిల్ల కాదు పిన్నిగారూ."

"మరెవరు?"

వద్దన్నట్టు గురువుగారి చెయ్యి కొద్దిగా కదిలింది.

సూపర్‌వైజర్ ఆవిడ కళ్లలోకి చూసి చెప్పాడు.

"మీ ఆయనే."