పొలానికీ పందేనికీ

తెనాలిలో తమ ఇంటి ముందు ఆగిన ఎర్ర హెరాల్డు కారు చుట్టూ శేషారత్నం ఒకసారి తిరిగింది. సంతలో ఎద్దును బేరమాడేటప్పుడు చరిచినట్టు డిక్కీ మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

“అమ్మా, అది గొడ్డు కాదే!” అన్నాడు కొడుకు యలమంద, కారు తెచ్చిన మద్రాసు బ్రోకరు వంక సిగ్గుగా చూస్తూ.

“రెండే తలుపులేంట్రా?”

“పరుగు బండమ్మా. రోజూ జంపని పొలానికెళ్ళొస్తా. ఏడాదికోసారి షోలవరంలో కార్ల పందేనికెళ్తా. రెండిటికీ ఇదొక్కటే చాలు.”

శేషారత్నం చెయ్యి డిక్కీ మీదే ఆగిపోయింది.

“పందెపు ఎడ్లని కొన్నప్పుడు మీ నాన్నా అచ్చం ఇదే మాటన్నారు. అవి ఒక్క చాలు దున్నితే ఒట్టు! పొలానికి వేరే జతని కొన్నాం. రెండు జతలకీ ఉలవలు ఉడకేసీ ఉడకేసీ నా చేతులు కాయలు కాశాయి.”

యలమంద మొహం వేలాడేశాడు. “అయితే వెనక్కి పంపించెయ్యనా?”

“నేనెప్పుడు వద్దన్నాను?”

ఆమె తలుపు లాగి, కుచ్చెళ్ళు సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది.

“ఆడది ఎక్కితే పందెం బండి ఓడిపోద్దని మీ నాన్న నన్ను పాతికేళ్ళు గట్టు మీదే నిలబెట్టారు. అదిగో, రేపల్లె బస్సు పోతోంది. దాన్ని దాటెయ్!”