ఏంజెల్ ఓటు

“నా కార్డు నా చేతికివ్వండి అమ్మగారూ. నా ఓటు నేనే వేసుకుంటాను,” అంది ఏంజెల్.

వార్డెన్ ప్రేమమ్మ బల్ల మీద నాలుగు ఓటరు కార్డులూ, వాటి పక్కన నల్లట్ట బైబిలూ ఉన్నాయి. బందరులోని ఆ ఆడపిల్లల హోములో అరవైమంది ఉంటే, 2004 ఎన్నికల నాటికి పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు నలుగురు. నలుగురికీ అమ్మానాన్నలు లేరు. ఓటరు లిస్టులో వాళ్ళ చిరునామా హోముదే. ముగ్గురు అప్పటికే బైబిలు మీద చెయ్యి వేసి, హోము సెక్రటరీ గారు చెప్పిన గుర్తుకే వేస్తామని ప్రమాణం చేసి, గోడ పక్కకి జరిగి నిలబడ్డారు. మిగిలింది ఏంజెల్.

“ముందు ప్రమాణం చెయ్యి. కార్డు పోలింగ్ బూతు దగ్గర ఇస్తాను,” అంది ప్రేమమ్మ.

“ఎవరికి వెయ్యాలో నేనింకా అనుకోలేదండీ. అనుకోనిదాని మీద ప్రమాణం ఎలా చేస్తాను?”

అబద్ధమాడకూడదనీ, దేవుడి పేరు ఊరికే ఎత్తకూడదనీ ఇన్నేళ్ళుగా ఈ పిల్లలకి చెబుతున్నది ప్రేమమ్మే. బైబిలు వైపు చూడలేక కిటికీ వైపు చూసింది.

“సెక్రటరీ ఇమ్మానుయేలు గారు ఏమన్నారో తెలుసుగా. పద్దెనిమిది నిండాక కూడా మిమ్మల్ని ఉంచుకోవడం ఆయన దయ. మాట విననివాళ్ళ పెట్టె గేటు బయట పెట్టెయ్యమన్నారు.”

“ఉండడానికి చోటిచ్చారండీ. ఓటు ఆయనిచ్చింది కాదు కదా.”

గోడ పక్కనున్న ముగ్గురూ తలలెత్తి చూశారు. ఆ చూపులు తగిలేసరికి ప్రేమమ్మకి ఒళ్ళు మండింది.

“గేటు బయట నీకెవరున్నారే?” అనేసింది.

మాట నోరు దాటాక నాలుక కరుచుకుంది. ఆ గదిలో ఎవరికీ ఎవరూ లేరు. ఏంజెల్ ఏడవలేదు. “సరేనండీ,” అని వంటింటి వరండాలోకి వెళ్ళి, బియ్యం చేట ముందేసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ప్రేమమ్మ ఆమె కార్డు తన పర్సులో పెట్టుకుని, మిగతా ముగ్గురినీ ఆటో ఎక్కించింది.

బూతు ఒక ప్రైమరీ స్కూల్లో పెట్టారు. ఆడవాళ్ళ వరసలో గంటసేపు ఎండలో నిలబడ్డారు. ముందు ముగ్గురు పిల్లలూ ఓటేసి వచ్చి గుమ్మం దగ్గర ఆగారు. తర్వాత ప్రేమమ్మ తన స్లిప్పు ఇచ్చింది. లిస్టు చూసే ఉద్యోగి పేజీ తిప్పి, స్కేలు ఆనించి చూసి, తలెత్తాడు.

“మీ ఓటు పడిపోయిందండీ.”

“నేనిప్పుడే కదండీ వచ్చాను.”

ఆయన గోడ వారగా కూర్చున్న పార్టీ ఏజెంటు వైపు చూశాడు. ఏజెంటు సెక్రటరీ గారి మనిషే. నవ్వుతూ లేచొచ్చాడు.

“మీకేం పని లేదమ్మా, వెళ్ళండి. మీరు మనవాళ్ళే కదా, ఎండలో నిలబెట్టడం ఎందుకని పొద్దున్నే వేయించేశాం.”

“నన్నడక్కుండానా?”

“అడిగితే మాత్రం మీరు కాదంటారా ఏంటి?” అన్నాడు అతను. వెటకారంగా కాదు, మామూలుగానే అన్నాడు.

వెనక వరసలో ఆడవాళ్ళంతా చూస్తున్నారు. గుమ్మంలోంచి ముగ్గురు పిల్లలూ చూస్తున్నారు. గట్టిగా అడగాలనీ, అందరూ వినేలా అడగాలనీ ప్రేమమ్మకి అనిపించింది. కాళ్ళు మాత్రం బయటికే నడిచాయి. ఆటోలో పిల్లలకి ఎదురుగా కూర్చుని, హోము వచ్చేదాకా తన చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయింది.

గేటు దగ్గర దిగగానే పిల్లలు ముగ్గురూ గదుల వైపు వెళ్ళిపోయారు. ప్రేమమ్మ తిన్నగా వంటింటి వరండాలోకి వెళ్ళింది. పర్సులోంచి కార్డు తీసి ఏంజెల్ ముందు చాచింది.

“వెళ్ళమ్మా. ఐదింటిదాకా టైముంది.”

ఏంజెల్ అందుకోలేదు. “ప్రమాణం చెయ్యలేదు కదండీ.”

“అక్కర్లేదు. నీ ఇష్టమొచ్చినవాళ్ళకి వేసుకో. ఎవరికేశావని నేనడగను.”

“మరి సెక్రటరీ గారు?”

“ఆయనతో నేను చెప్పుకుంటాను. నీ పెట్టె ఎక్కడికీ కదలదు.”

ఏంజెల్ చేతులకంటిన పొట్టు దులుపుకుని లేచింది. కార్డు తీసుకుంటూ ప్రేమమ్మ ఎడమచేతి వైపు చూసి ఆగిపోయింది.

“మీ వేలికి ఇంకు లేదేంటండీ?”

ప్రేమమ్మ చెయ్యి చటుక్కున పమిట కిందికి పోయింది. చెప్పేద్దామని నోరు తెరిచింది కానీ, మాట పెగిలేలోపే ఏంజెల్ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

“అంటే మీరు కూడా ఆయన చెప్పినట్టు వెయ్యనని వచ్చేశారన్నమాట. నేనే మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను. నన్ను క్షమించండి అమ్మగారూ.”