చేపల ఆరోగ్య ధ్రువపత్రం

“అరవైకి ఒక్కటి తగ్గినా ఫారం తీసుకోం” అన్నాడు అటెండరు, డ్రమ్ములోకి తొంగి చూస్తూ.

“తగ్గలేదు బాబూ. దారిలో రెండుచోట్ల ఆగి నీళ్లు మార్చాను. అన్నీ ప్రాణాలతోనే ఉన్నాయి” అన్నాడు పెద్దాయన.

అటెండరు లెక్కపెట్టాడు. నలభై దగ్గర ఫోను మోగడంతో మళ్లీ మొదటికొచ్చాడు. చివరికి అరవై అని తేలింది. వేలెడంత చేపలు, ఒక్కచోట నిలవడం లేదు.

పెద్దాయన ప్రభుత్వ చేపల పెంపక కేంద్రంలో పనిచేస్తాడు. ఇరవై ఏళ్ల కిందట నదిలో కనిపించకుండా పోయిన చేప జాతి ఒకటుంది. ఎనిమిదేళ్లు తిప్పలు పడి దాని గుడ్లు పొదిగించాడు. పిల్లల్ని మళ్లీ నదిలో వదలాలంటే వాటికి ఏ రోగమూ లేదని ఈ లేబొరేటరీ కాగితం ఇవ్వాలి. కాగితం లేకుండా చేప నదిలో దిగడం నేరం. శిక్ష చేపకా మనిషికా అన్నది మాత్రం నియమావళిలో తేల్చలేదు.

ఆ కాగితం మీద సంతకం పెట్టే చేపల డాక్టరమ్మను ఆఫీసులో అందరూ చాటుగా ‘కత్తెరమ్మ’ అంటారు. పదకొండేళ్లలో ఆమె ఒక్క తప్పుడు సంతకం పెట్టలేదు. ప్రమోషనూ రాలేదు. ఇంట్లో చేపలు వండిన రోజు భర్త కంచం ముందు కూర్చుని, “రిపోర్టు వచ్చిందా, తినొచ్చా?” అంటాడు.

ఫారంలో ముప్పై నాలుగు గడులున్నాయి. చేప పొడవు, బరువు, నీటి వేడి, తెచ్చినవారి తండ్రి పేరు, తెచ్చిన బండి రంగు. పెద్దాయన అన్నీ ఓపిగ్గా నింపి డాక్టరమ్మకు ఇచ్చాడు.

“ఎంతసేపు పడుతుందమ్మా?”

“సాయంత్రం అవుతుంది.”

“వాటికి నొప్పి పుడుతుందా?”

పదకొండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. డాక్టరమ్మ మనసు కాస్త మెత్తబడింది.

“మత్తు నీళ్లలో వేస్తాం. వాటికేమీ తెలీదు.”

“హమ్మయ్య” అని పెద్దాయన వరండాలో బల్ల మీద కూర్చున్నాడు, పురిటి గది బయట తాతలా.

మెత్తబడిన మనసులోనే అనుమానం కూడా మొలిచింది. ఇంత కంగారు పడుతున్నాడంటే ఏదో దాస్తున్నాడు. పోయినేడు ఇలాగే చెమటలు కక్కిన ఒకాయన చేపల్లో పేగుల నిండా పురుగులు దొరికాయి.

పదిన్నరకు డైరెక్టరు ఆహ్వానపత్రం ఊపుకుంటూ వచ్చారు.

“రేపు పదింటికి మంత్రిగారు నదిలో చేపలు వదులుతున్నారమ్మా. పదివేల చేపలని బ్యానర్లు కట్టేశారు. పడవలకు రంగులు కూడా వేసేశారు. బాగున్నాయని రాసిపారెయ్.”

“కోసి చూడకుండా రాయను సార్.”

“రోగం తేలితే?”

“ట్యాంకులో ఉన్నవన్నీ పూడ్చిపెట్టమని రాస్తాను.”

“మరి మంత్రిగారు ఏం వదలాలి?”

“పావురాలున్నాయిగా సార్.”

డైరెక్టరు రుసరుసలాడుతూ వెళ్లిపోయారు. పావురాల ధర కనుక్కోమని గుమస్తాకు చెప్పడం వరండా దాకా వినిపించింది.

డాక్టరమ్మ పనిలో దిగింది. పదేసి చేపల్ని మత్తు నీళ్లలో వేసింది. పక్కకు ఒరిగినవాటిని ఒక్కొక్కటిగా తీసి పొట్ట కోసింది. మూత్రపిండం నుంచి ఇంత, ప్లీహం నుంచి ఇంత ముక్క తీసి గొట్టాల్లో వేసి నంబర్లు అంటించింది. మొప్పల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. కోసిన చేపల్ని నియమం ప్రకారం కాల్చేసే గదికి పంపింది.

మధ్యాహ్నం అటెండరు వచ్చి కబురు చెప్పాడు.

“ఆ పెద్దాయన అన్నం కూడా తిన్లేదు మేడమ్. ఖాళీ డ్రమ్ము కడిగి కొత్త నీళ్లు పోసుకుంటున్నాడు. ఉత్త చాదస్తం.”

రుజువులు కడిగేసుకుంటున్నాడన్నమాట అనుకుంది డాక్టరమ్మ. ఆమె అనుమానం గట్టిపడింది.

మూడున్నరకు యంత్రం ఫలితాలు చెప్పడం మొదలుపెట్టింది. ఒకటో నంబరు చేప, రోగం లేదు. రెండోది, లేదు. ఇరవై దాటేసరికి ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. నలభై దాటేసరికి వేళ్లు ముడివేసుకుని కూర్చుంది. పట్టుకుందామని మొదలుపెట్టిన మనిషి, దొరక్కపోతే బాగుండునని కోరుకుంటున్నట్టు తనకే తెలిసింది. యాభై ఎనిమిది, లేదు. యాభై తొమ్మిది, లేదు. అరవై, లేదు.

ఒక్క పురుగు లేదు. మొప్ప మీద ఒక్క మచ్చ లేదు. ఇంత శుభ్రమైన చేపల్ని ఆమె తన ఉద్యోగంలో చూడలేదు. పొద్దుట్నుంచీ ఆ ముసలాయన్ని దొంగను చూసినట్టు చూసినందుకు సిగ్గేసింది. ధ్రువపత్రం స్వయంగా రాసి, మూడు ముద్రలు వేసి, అటెండరుతో పంపకుండా తనే వరండాలోకి నడిచింది.

“పెద్దాయనా, ఏమీ అనుకోకండి, మిమ్మల్ని అనుమానించాను. బంగారంలా పెంచారు. ఒక్కదానికీ ఏ జబ్బూ లేదు. రేపు నిశ్చింతగా నదిలో వదలండి.”

పెద్దాయన కాగితాన్ని రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుని లేచాడు.

“మత్తు దిగి ఉంటే వాటిని ఇప్పించమ్మా, బయల్దేరతాను, వాళ్లు పదివేలని రాసుకున్నారు గానీ మా ట్యాంకులో బతికి బట్టకట్టినవి ఈ అరవయ్యే” అన్నాడు.