డబ్బీలో పెట్టే ముందు

ముసలాయన కర్ర పెన్నును సిరాలో ముంచి, చెవిని కాగితానికి ఆనించి ఒక గీత గీశాడు.

"ఏం వినవడ్తుందే తాతా, రేడియోనా?" అన్నాడు బసవరాజ్.

ముసలాయన ఇంకో పెన్ను అందుకున్నాడు.

నారాయణఖేడ్ బస్టాండు పక్కన బసవరాజ్ ఆ పెన్నుల డబ్బాకొట్టు పెట్టి ఇంకా ఏడాది నిండలేదు. టేకు ముక్కలను తరిమెన యంత్రం మీద తిప్పి, నునుపు చేసి, మెరుగు పట్టించి పెన్నులు తీస్తాడు. పాళీలు మాత్రం పట్నం నుంచి తెప్పిస్తాడు. భార్య పుష్పమ్మ అట్ట డబ్బీల్లో ఎర్ర మఖ్మల్ గుడ్డ అతికించి, ఒక్కో పెన్నును పసిపిల్లను పండుకోబెట్టినట్టు పెడుతుంది.

ఇప్పుడిప్పుడే బేరం అందుకుంటోంది. వానకాలంలోపు నిలదొక్కుకోకపోతే తరిమెన అమ్మేసి, సిర్గాపూర్ వలస కూలీలతో కలిసి పట్నం కూలికి పోవాల్సిందే. అందుకే కొననివాడు పెన్ను పట్టుకుంటే బసవరాజ్‌కు ప్రాణం విలవిల్లాడేది.

ఈ ముసలాయన వారం వారం అంగడి రోజున మనూర్ బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చేవాడు. ఒక్కటైనా కొన్న పాపాన పోలేదు. ఐదారు పెన్నులు గీసి చూసి, వెలుతురు కోసమన్నట్టు అటు తిరిగి, వంగి కూర్చుని ఏదో చేసేవాడు. తర్వాత ఏ పెన్నును ఆ డబ్బీలో పెట్టి వెళ్లిపోయేవాడు.

"లెక్క సూస్తివా?" అడిగింది పుష్పమ్మ.

"సూసిన. అన్నీ ఉన్నయి."

"అన్నీ ఉంటెనే అనుమానం. గంతసేపు ఊకె ఎవడు కూసుంటడు?"

ఆ మాట బసవరాజ్ బుర్రను తొలిచేసింది.

"పాళీలు మారుస్తుండేమో. మంచియి గుంజుకొని పనికిరానియి ఎక్కిస్తుండు."

"నేను గదే అంటున్న."

తర్వాతి అంగడికి మొగుడూ పెళ్లాలు ముందే సర్దుకున్నారు. డబ్బీలన్నిటికీ మెరిసే ప్లాస్టిక్ కాగితం చుట్టి, దారం కట్టి, అద్దాల పెట్టెలో వరసగా నిలబెట్టారు. పైన 'ముట్టరాదు' అని అట్ట తగిలించారు. బయట ఒకే ఒక్క పెన్ను ఉంచారు, బోనులో ఎలుకకు ఎర పెట్టినట్టు.

ముసలాయన వచ్చి, కట్టిన డబ్బీలను చూసి చిన్నబోయాడు.

"గిట్ల మూస్తే ఎట్ల బిడ్డా? పెన్నంటే రాసి సూడాలె గద."

"నీకెందుకే తాతా? కొంటవా?"

"కొనను."

బయటున్న పెన్ను తీసుకుని అటు తిరిగాడు. బసవరాజ్ చప్పుడు చేయకుండా వెనక నిలబడి, చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు. గుప్పిట్లోంచి చింతగింజంత నల్లరాయి జారిపడింది.

"ఏందిది?"

"సానరాయి."

"నా పాళీలు అరగదీస్తున్నవా? ఎవడు పంపిండు నిన్ను?"

జనం మూగారు.

"కరాబ్ చేస్తలేను బిడ్డా. జెర గరుకుంటే..."

"ఇంకోపారి గీ దిక్కొస్తే కాళ్లిరగ్గొడ్త."

ముసలాయన రాయి కోసం వంగలేదు. తల దించుకుని మనూర్ బస్సు ఎక్కాడు.

పీడ విరగడైందనుకున్నారు మొగుడూ పెళ్లాలు.

కట్టిన డబ్బీలు ముచ్చటగా ఉండడంతో బాగానే అమ్ముడుపోయాయి. పదిహేను రోజులకు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

"కాగితం చిరుగుతుంది. పిల్లి గోకినట్టుంది," అన్నాడు బడిపంతులు.

దస్తావేజులు రాసే సంగయ్యకు మాత్రం ఏ ఫిర్యాదూ లేదు.

"నేను నాలుగు నెలల కింద కొన్న. నెయ్యి మీద నడిచినట్టు నడుస్తది. గిప్పటియి గట్ల లేవేంది?"

బసవరాజ్ ఆ పెన్ను అడిగి తీసుకుని, కొత్తదాని పక్కన పెట్టి చూశాడు. కట్టె అదే. పాళీ అదే. సంగయ్య పాళీ మొన మాత్రం ఎవరో ఓపిగ్గా రుద్దినట్టు గుండ్రంగా, నున్నగా ఉంది.

అది ముసలాయన సానరాయి పనే. ఇన్నాళ్లూ జనం మెచ్చింది తన మెరుగునూ కాదు, పుష్పమ్మ మఖ్మల్‌నూ కాదు. నలుగురిలో ఆ ముసలాయన్ను అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

తెల్లారి మొదటి బస్సుకే మనూర్ పోయాడు. కాళ్లు పట్టుకునైనా ఆయన్ను తీసుకురావాలి. లేదంటే తరిమెన దక్కదు. చెవి ఆనించి గీతలు గీసే ముసలాయన అనగానే ఊళ్లోవాళ్లు ఇల్లు చూపించారు.

ముసలాయన మంచంలో ఉన్నాడు. కుడిచెయ్యి ఆయనది కానట్టు దుప్పటి మీద పడి ఉంది.

"పది దినాలాయె పక్షవాతమొచ్చి. గా చెయ్యి ఇగ లేవదన్నరు దవాఖానల," అంది ఆయన భార్య రామవ్వ. "ఎవరు బిడ్డా నువ్వు?"

"నారాయణఖేడ్‌ల పెన్నుల దుకాణం నాది."

ఆమె మొహం విప్పారింది. గబగబా కొంగుతో పీట తుడిచింది.

"ఎప్పుడూ నీ ముచ్చటే చెప్పెటోడు బిడ్డా. పట్నంల పెన్నుల కంపెనీల ముప్పై ఏండ్లు జేసిండు. గీత సప్పుడు ఇని ఈయన పాళీ సాఫు జేసినంకనే పెన్ను డబ్బీల వెట్టేటోళ్లు. రీఫిల్ పెన్నులొచ్చి కంపెనీ మూతవడ్డంక మనిషి మనిషి లెక్క లేకుండె. మల్ల నువ్వే పిలిచి పనిచ్చినవంట గద?"

బసవరాజ్‌కు మంచం వైపు చూసే ధైర్యం చాల్లేదు.

"ఔ, పనిచ్చింది ఈయనే," అన్నాడు ముసలాయన మెల్లగా. "చాయ్ పెట్టు."