బాల్కనీ దారి

నా చక్రాల కుర్చీకి అడ్డొస్తున్న వీధి గడప తీయించమని ఇంటి ఓనరు భుజంగరావుగారిని మూడేళ్లు అడిగాను.

"గడప లేకపోతే అదేం ఇల్లమ్మా? సామాన్లన్నీ డ్రోన్‌లోనే వస్తున్నాయిగా. నువ్వూ బాల్కనీలోంచి వచ్చెయ్," అన్నారాయన.

ఫిర్యాదు చేస్తే, లోపలికి దారి ఉంది కదా అని అధికారులు కేసు మూసేశారు.

ఇప్పుడు రోజూ ఆఫీసు నుంచి వచ్చి, వీధిలో ఆగిన డ్రోన్ తొట్టిలోకి కుర్చీతో సహా ఎక్కుతాను. శుక్రవారమైతే ఓనరుగారి భార్య గడపకు పసుపు రాస్తూ తలెత్తి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

బాల్కనీలో దిగాక, వస్తువు చెక్కుచెదరకుండా అందిందా అని ఫోన్ అడుగుతుంది.

ఒకరోజు లేదని నొక్కాను. డ్రోన్ నన్ను మళ్లీ ఎక్కించుకుని ఊరి బయట వాపసు సరుకుల గోడౌన్‌లో దింపింది.

అప్పటినుంచి అందిందనే నొక్కుతున్నాను.